రాయి లాగినోళ్ళు, రాత రాసినోళ్ళు: చారిత్రక నవలలో దళిత దృక్పథం

తెలుగు చారిత్రక నవల వయసు నూరేళ్ళు దాటింది. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి చరిత్ర పుస్తకాలతో పాటు చారిత్రక నవలలను కూడా ప్రోత్సహించింది. ఆ తర్వాత అడివి బాపిరాజు, విశ్వనాథ సత్యనారాయణ, నోరి నరసింహశాస్త్రి, మల్లాది వసుంధర లాంటి వాళ్ళు శాతవాహనుల నుంచి తంజావూరు నాయకుల దాకా రాజవంశాలను నవలల్లోకి తెచ్చారు. రాణి ఏకాంతంలో ఏమనుకుందో, సేనాపతి ఎవరిని ప్రేమించాడో, మంత్రి రాత్రిపూట ఏ కుట్ర పన్నాడో ఊహించే హక్కు రచయితకు వుందని పాఠకులూ విమర్శకులూ ఒప్పుకున్నారు. కానీ ఒక మాల రచయితో, ఒక మాదిగ రచయితో తన ముత్తాతల కాలం మీద నవల రాస్తే మొట్టమొదటి ప్రశ్న వేరే వుంటుంది. 'ఆధారం ఏది? శాసనముందా? రికార్డుందా?' మాదిగల మౌఖిక కథలు, చారిత్రక కల్పన అనే విషయం మీద ఒక సెమినార్‌లో నేను పేపరు చదివినప్పుడు ఒక పెద్ద ప్రొఫెసరు గారు, 'ఇది సాహిత్యమా, చరిత్రా? ముందు అది తేల్చుకోండి' అన్నారు. హాల్లో కొందరు నవ్విండ్రు కూడా.

ఈ వ్యాసం ఆ ప్రశ్నను తప్పించుకోదలచుకోలేదు. ఆధారం అడగడం తప్పు కాదు. అందరినీ అడగకపోవడమే తప్పు. చారిత్రక నవల రాసే ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒకచోట ఆధారం వొదిలి ఊహలోకి అడుగు పెడతారు. ఆ అడుగు ఎవరి వైపు పడిందన్నదే అసలు విషయం. రాజు దగ్గర మొదలైన ఊహ తిరిగి తిరిగి రాజు దగ్గరికే చేరుతుంది. పని దగ్గర మొదలైన ఊహ ఆ పని చేసిన మనుషుల దగ్గరికి చేరుతుంది. అందుకని దళిత చారిత్రక నవలకు పునాది పనే కావాలంటాను. ఇది ఎట్లా సాధ్యమో అందరికీ తెలిసిన ఒక ఉదాహరణతో చూద్దాం.

గన్నారెడ్డి గుర్రం, రాయచూరు రాయి

బాపిరాజు 'గోన గన్నారెడ్డి' నవల తరాలుగా చదవబడుతూనే వుంది. అందులో గన్నారెడ్డి పైకి గజదొంగ, లోపల కాకతీయ సామ్రాజ్యానికి విధేయుడైన వీరుడు. గుర్రం మీద మెరుపులా వస్తాడు, మెరుపులా పోతాడు. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమా ఈ గజదొంగను ఇంకా లక్షల మంది దగ్గరికి తీసుకుపోయింది. ఇవాళ గోన గన్నారెడ్డి అంటే చాలామందికి గుర్తొచ్చేది ఆ మనిషే.

మరి శాసనం ఏం చెప్తుంది? గోన వంశం వాళ్ళ వర్ధమానపురం ఇవాళ్టి నాగర్‌కర్నూల్ జిల్లాలోని నంది వడ్డెమాన్. అది మా పాలమూరు నేల. గోన గన్నయ కాకతీయుల కింద అధికారం చేసినవాడు. ఆయన మంత్రి విఠలనాథుడు ఆదవాని, తుంబళం మొదలైన కోటలను పట్టుకుని, రాయచూరుకు వచ్చి బలమైన రాతికోట కట్టించినట్టు 1294 నాటి తెలుగు శాసనం వుంది. అప్పటికి రుద్రమదేవి లేదు. ప్రతాపరుద్రుడి పాలన నడుస్తోంది. ఆ శాసనంలో గజదొంగ లేడు. గజదొంగ నవలాకారుడి కల్పన. ఆ కల్పన చేసినందుకు బాపిరాజును నేను తప్పు పట్టడం లేదు. నవలాకారుడికి ఆ హక్కు వుంది. కాకపోతే ఆ కల్పన నవల నుంచి సినిమాకు, సినిమా నుంచి జనం నోటికి ఎక్కి చరిత్రగా చెలామణి అయ్యేటప్పుడు 'ఆధారమేది' అనే గొంతులు ఎందుకు లేవలేదన్నదే ప్రశ్న.

అదే రాయచూరు కోటలో ఇంకొక ఆధారం కళ్ళ ముందే వుంది. ఆ శాసనం చెక్కిన రాయి మామూలు రాయి కాదు. దాని పొడవు సుమారు 41 అడుగులు. అంత రాయి కోట గోడలోకి ఎట్లా వచ్చింది? దానికి జవాబు కూడా అక్కడే గోడ మీద గీతల్లో చెక్కి వుంది. గట్టి చక్రాల బండి మీద ఆ రాయి. బండికి బారుగా కట్టిన దున్నలు. వాటిని అదిలిస్తున్న మనుషులు. వెనక నుంచి చక్రాలకు మీటుకర్రలు వేసి నెడుతున్న మనుషులు. రాత అంతా మంత్రి గురించి, బొమ్మ అంతా పని గురించి. 1294లోనే ఎవరో రాతిపనివాడికి ఈ సంగతి కూడా చెక్కాలనిపించింది. మన చారిత్రక నవల మాత్రం రాత చదివింది, బొమ్మ చూడలేదు.

ఈ బొమ్మ దగ్గర నవల మొదలుపెడితే ఏమవుతుంది? అన్ని దున్నలు ఎవరి కొట్టంలోవి? పల్లెల నుంచి అడిగి తెచ్చినవా, గుంజుకొచ్చినవా? సేద్యం దినాల్లో దున్నలు కోట కాడికి పోతే చేను ఎవరు దున్నారు? రాయి పగలగొట్టినవాళ్ళు ఎవరు? బండికి దున్నలను కట్టాలంటే మోకులు, పట్టెడలు కావాలి. తోలు వారు కావాలంటే లంద కావాలి. లంద కావాలంటే తంగేడు చెక్క, సున్నం, నీళ్ళు, చచ్చిన గొడ్డు కావాలి. ఆ గొడ్డును ఊరి బయటికి మోసేవాళ్ళు కావాలి. దారిలో ఒక దున్న కూలితే దాన్ని ఎవరు కోసిండ్రు, ఎవరు తిన్నరు? చక్రం కింద చెయ్యి పడ్డ మనిషికి ఏం దక్కింది? ఈ ప్రశ్నల్లో ఒక్కటి కూడా గాలిలోంచి పుట్టింది కాదు. ప్రతి ఒక్కటీ గోడ మీద బొమ్మ నుంచి, పని స్వభావం నుంచి పుట్టింది. గజదొంగ కల్పనకు వున్న ఆధారం కంటే ఈ కల్పనకు వున్న ఆధారమే గట్టిది.

పాలమూరు వాళ్ళకు ఈ బొమ్మ చూస్తే వేరే వివరణ అక్కర్లేదు. ప్రాజెక్టు ఎక్కడ కట్టినా మట్టి తవ్వడానికి, రాయి మోయడానికి పోయింది పాలమూరు లేబరే. మా తాత నాగార్జునసాగర్ కాడ రాళ్ళు మోసిండు. అక్కడ శిలాఫలకం మీద 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేసిన నెహ్రూ పేరు వుంటుంది. మా తాత పేరు మేస్త్రీ పట్టీలో ఎన్నాళ్ళు వుందో మేస్త్రీకే ఎరుక. 1294కూ 1955కూ మధ్య ఆరున్నర శతాబ్దాలు గడిచినా, రాయి మీద ఎవరి పేరు ఎక్కుతుందనే విషయంలో పద్ధతి పెద్దగా మారలేదు. ప్రేరణ అంటే పాత రాజుల వైభవం చూసి పులకించడమే అని మనకు పాఠాల్లో నేర్పారు. మన ప్రేరణ అది కాదు. ఇంకా ముట్టని కూలి బాకీ మన ప్రేరణ.

ఈ మాట కొత్తగా నేను చెప్తున్నది కూడా కాదు. చరిత్ర నుంచి కథ తీసుకోవాల్సి వచ్చినప్పుడు జాషువా ఎవరిని తీసుకున్నాడో చూడండి. 1932లో ఆయన 'ఫిరదౌసి' రాశాడు. గజనీ మహమ్మదు కోసం ఏళ్ళ తరబడి కావ్యం రాసి, పద్యానికొక బంగారు నాణెమన్న మాట తప్పి వెండి చేతిలో పెడితే గుండె పగిలిన కవి కథ అది. అంటే జాషువా చరిత్రలోకి పోయి రాజును వెతకలేదు. రాజు కూలి ఎగ్గొట్టిన పనివాడిని వెతికాడు. ఆ పనివాడు ఆయనలాగే కవి కూడా. ఈ ఎంపికను మన విమర్శ కరుణరసం పేరుతో సరిపెట్టింది. చారిత్రక దృష్టిగా చూడలేదు.

అంబేడ్కర్ చూపిన పద్ధతి

'సాహిత్యమా, చరిత్రా?' అనే ప్రశ్నకు మనవాళ్ళలో మొదట జవాబు చెప్పిన మనిషి అంబేడ్కరే. 1948లో అంటరానివాళ్ళ పుట్టుక మీద ఆయన రాసిన పుస్తకం నందనార్, రవిదాస్, చోఖామేళాలకు అంకితం. దాని ముందుమాటలో ఆయన తన పద్ధతిని దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. నేరుగా సాక్ష్యం దొరకని చోట పరిశోధకుడు చేతులు ముడుచుకుని కూర్చోవాలా, లేక దొరికిన ముక్కలను పట్టుకుని మధ్య ఖాళీలను ఊహతో పూరించాలా అనే సమస్య ఎత్తాడు. విరిగిన రాళ్ళ నుంచి నగరాన్ని తిరిగి కట్టే తవ్వకాల నిపుణుడితో, ఎముకలూ పళ్ళూ చూసి అంతరించిన జంతువు రూపం తేల్చే శాస్త్రజ్ఞుడితో తన పనిని పోల్చుకున్నాడు. ఆ అర్థంలో తన పుస్తకం చరిత్ర కంటే ఎక్కువగా కళే అని కూడా అన్నాడు.

ఈ మాటను మనం రెండు వైపుల నుంచీ అర్థం చేసుకోవాలి. మొదటిది, ఊహించే హక్కు. సాక్ష్యం లేకుండా చేసింది ఎవరో వాళ్ళే సాక్ష్యం అడుగుతుంటే, ఊహించడం తప్ప మనకు దారి లేదు. రెండోది, ఊహకు వుండాల్సిన కట్టుబాటు. ఎముక లేకుండా జంతువును కట్టకూడదు. రాయి లేకుండా నగరాన్ని లేపకూడదు. ఏది దొరికిన ముక్కో, ఏది తాను పూరించిన ఖాళీయో అంబేడ్కర్ పాఠకుడికి విడమరిచి చెప్పాడు. మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వొదిలేసిన రాతలు మన పత్రికల్లో కూడా కనిపిస్తున్నాయి. అవి ఆవేశాన్ని ఇస్తాయి గానీ ఎదుటివాడి మొదటి ప్రశ్నకే కూలిపోతాయి.

శాసనం ఎవరిది, నోటిమాట ఎవరిది

శాసనం అంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి. ఎక్కువ శాసనాలు దానానికి సంబంధించినవి, లేదా గెలుపుకు సంబంధించినవి. దానం చేసే తాహతు వున్నవాడి పేరు, యుద్ధం గెలిచినవాడి పేరు రాయి మీదికి ఎక్కుతుంది. 848 నాటి అద్దంకి శాసనం తెలుగు పద్య చరిత్రలో గొప్ప శాసనంగా అందరం చదువుకున్నదే. పండరంగడు పన్నెండు బోయకొట్టాలను పట్టుకున్నాడని అందులో వుంది. బోయలు అక్కడ ఒక లెక్కగా మాత్రమే మిగిలారు. పన్నెండు. ఆ పన్నెండు కొట్టాల్లో ఎంతమంది ఆడవాళ్ళు, ఎంతమంది పిల్లలు, ఏ దేవతకు మొక్కేవాళ్ళు అన్నది తరువోజ ఛందస్సుకు పట్టలేదు. మన పాఠ్యపుస్తకం ఆ శాసనంలో ఛందస్సును చూపిస్తుంది. నవలాకారుడు ఆ అంకెను చూడాలి.

శాసనాన్ని అడ్డంగా చదివితే కొన్నిసార్లు వేరే మనిషి కూడా దొరుకుతాడు. రుద్రమదేవి చనిపోయిన కాలం మనకు తెలిసింది 1289 నవంబరు నాటి చందుపట్ల శాసనం వల్ల. అది రాజకుటుంబం వేయించిన శాసనం కాదు. రాణికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యలోకం కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు భూమి దానం చేసి వేయించినది. ఇంత పెద్ద సామ్రాజ్ఞి మరణం ఒక బంటు మాట వల్ల మనకు తెలిసింది! రుద్రమ మీద నవలలు వచ్చాయి, సినిమా వచ్చింది. ముమ్మడిని ముఖ్యపాత్ర చేసి, యుద్ధం నుంచి బతికి వచ్చిన ఒక బంటు కళ్ళతో ఆ కాలాన్ని చూపించే నవల ఎందుకు రాకూడదు?

ఇక నోటిమాట సంగతి. మాదిగలకు జాంబపురాణం వుంది. చిందువాళ్ళు ఆడతారు, డక్కలివాళ్ళు చెప్తారు. 2022లో పద్మశ్రీ వచ్చిన దర్శనం మొగులయ్య డక్కలి కిన్నెర కళాకారుడే. పాలమూరు పండుగ సాయన్న కథ ఆయన కిన్నెర మీద బతికింది. పల్నాటి వీరుల కథను పాడే వీరవిద్యావంతులు మాలలు. మాల కన్నమదాసు వీరుడిగా నిలిచే ఆ కథను అలిశెట్టి గాలెయ్య పాడగా జీన్ రోగైర్ రికార్డు చేసి, పరిశోధించి, 1982లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చాడు. శ్రీనాథుడి పేరు మీద వున్న పల్నాటి వీరచరిత్ర ప్రతి విద్యార్థికీ తెలుసు. గాలెయ్య పేరు తెలుగు ఎం.ఎ. చదివిన ఎంతమందికి తెలుసు? ఇంకా ముందు, 1899లో, ఒంగోలు మిషనరీ కుటుంబానికి చెందిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగ పెద్దల నోటి కథలను, వాళ్ళ జీవితాలను ఇంగ్లీషులో పుస్తకంగా వేసింది. అంటే 'రికార్డు లేదు' అనే మాట పూర్తిగా నిజం కాదు. రికార్డు వుంది. అది రికార్డే అని ఒప్పుకునే మనసే లేదు.

అయితే నోటిమాటను కూడా కళ్ళు మూసుకుని నమ్మకూడదు. శాసనానికి ఒక ప్రయోజనం వున్నట్టే మౌఖిక కథకూ వుంటుంది. డక్కలివాళ్ళు మాదిగల దగ్గర అడుక్కునే హక్కుతో బతికినవాళ్ళు. వాళ్ళు చెప్పే కథలో దాత కులం గొప్పతనం వుండడం సహజం. మిషనరీలు రాసిన పుస్తకంలో మతం మారిన మాదిగ ముందుకు వస్తాడు, మారనివాడు వెనక్కి పోతాడు. ఈ కథ ఎవరు, ఎవరికి, ఎందుకోసం చెప్పారు అనే ప్రశ్నను రాయచూరు శాసనానికి వేసినట్టే జాంబపురాణానికీ వేయాలి. అట్లా వేయడం మన పెద్దలను అవమానించడం కాదు. వాళ్ళను కూడా చరిత్రకారులుగా గుర్తించడం.

ఈ విషయంలో 'ఏడు తరాలు' అనుభవం మనకు పాఠం. అలెక్స్ హేలీ 1976లో రాసిన ఈ నల్లజాతి కుటుంబ కథను సహవాసి తెలుగు చేస్తే మన కార్యకర్తలు చేతులు మారుస్తూ చదివారు. గాంబియాలో వంశచరిత్రలు చెప్పే గాయకుడి నోట తన పూర్వీకుడు కుంటా కింటే పేరు విన్నానని హేలీ చెప్పుకున్నాడు. తర్వాత ఇంకొక రచయిత నవల నుంచి భాగాలు తీసుకున్నాడని దావా పడి 1978లో రాజీ అయింది. వంశవృక్షాలు పరిశీలించేవాళ్ళు ఆయన చెప్పిన తేదీలకూ, పాత పత్రాలకూ పొంతన కుదరడం లేదని చూపించారు. బానిసత్వం గురించి పుస్తకం చెప్పిన సత్యం దీనివల్ల అబద్ధం అయిపోలేదు. కానీ ఆ సత్యం అంటే గిట్టనివాళ్ళకు ఒక సాకు దొరికింది. హేలీ అది నవల అని నిలబడి వుంటే, ఇది నా ఊహ, ఇది నాకు దొరికిన కాగితం అని విడదీసి చెప్పి వుంటే ఆ సాకు దొరికేది కాదు. రాజుల నవలలో పొరపాటు దొర్లితే రచయిత స్వేచ్ఛ అంటారు. మన నవలలో దొర్లితే మన బాధే అబద్ధం అంటారు. ఇది అన్యాయమే. అన్యాయమని తెలిసి కూడా జాగ్రత్త పడక తప్పదు.

తిండి, కాలం, పనిముట్టు

జాగ్రత్త అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్తాను. మొదటిది తిండి. కాకతీయుల కాలంలోని మాలవాడలో ఒకామె పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ గటక తాగినట్టు రాస్తే ఆ పేజీ కాడనే నవల పడిపోయినట్టు. మిరప, మక్కజొన్న, టమాట, ఆలుగడ్డ, వేరుశనగ, పొగాకు అన్నీ అమెరికా ఖండాల పంటలు. పోర్చుగీసువాళ్ళు వచ్చిన తర్వాతనే మన నేలకు చేరాయి. ఇవాళ మిరపకు పేరుపడ్డ పల్నాడులోనే 12వ శతాబ్దపు కన్నమదాసు మిరపకాయ ముఖం చూసి వుండడు. జొన్న, సజ్జ, కొర్ర, ఆరిక, చింతపులుసు, ఎండబెట్టిన తునకలు, వీటితోనే ఆ వంట నడవాలి. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో మాదర చెన్నయ్య శివుడికి పెట్టింది అంబలే. ఆ చెన్నయ్య చోళరాజు గుర్రాలకు గడ్డి మోసేవాడు. గుర్రం మీది వీరుడి కథలు మనకు చాలా వున్నాయి. ఆ గుర్రానికి గడ్డి కోసినవాడి పేరు కూడా తెలుగు సాహిత్యంలో వుందని మరిచిపోవద్దు.

రెండోది కాలం. రాజుల నవల శకసంవత్సరంతో మొదలవుతుంది. వాడలో కాలం అట్లా నడవదు. మా అవ్వ పుట్టిన తేదీ ఏ కాగితంలోనూ లేదు. 'గత్తరొచ్చి ఊరు ఖాళీ అయిన యేడు పుట్టిన బిడ్డా' అనేది. కరువు, గత్తర, చెరువు తెగిన యేడు, దొర చచ్చిన యేడు, రజాకార్లు వచ్చిన యేడు, ఇవీ మన శకాలు. పాత్రల మాటల్లో ఈ లెక్కే వుండాలి. రచయిత బల్ల మీద మాత్రం తేదీల లెక్క కూడా వుండాలి. ధాతు కరువు అని పాట వుంటే అది 1876-78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీని మింగిన కరువని, 1877లో సహాయ పనుల కాడ మగ కూలికి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా చాలన్న టెంపుల్ దొర లెక్క నడిచిందని రచయితకు తెలిసి వుండాలి. పౌండు అంటే అర్ధకిలో కూడా కాదు. ఆ తిండితో దినమంతా మట్టి తవ్వి మోస్తే ఒళ్ళు ఎట్లా అవుతుందో ఊహించడానికి ప్రతిభ కంటే ముందు ఆ అంకె కావాలి.

మూడోది పనిముట్టు, దాని పేరు. ఆరె, రంపె, గూటం, లంద, మోటబొక్కెన, డప్పుకు చిర్ర, సిటికెన పుల్ల. 'చర్మకారుడు తన పరికరాలతో పని చేయుచుండెను' అని రాసేవాడికి ఆ పని తెలియదు. చెరువు కింద నీళ్ళు ఏ మడికి ఎంతసేపు వదలాలో చూసే నీరడి ఎక్కువగా మాలాయనే. ఆయనకు తెలిసిన నీళ్ళ లెక్క ఏ గ్రంథంలో లేదు. కాకతీయులు చెరువులు కట్టించారని ప్రతి నవలా పొగుడుతుంది. తూము కాడ రాత్రంతా మెలకువగా వున్న మనిషి ఏ నవలలో కనిపించాడు?

'అంటరాని వసంతం' చూపిన దారి

ఈ విషయాలన్నిటికీ తెలుగులో ఒక గట్టి ఉదాహరణ వుంది. 2000లో వచ్చిన జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' రూతు జ్ఞాపకంగా నడుస్తుంది. ఎల్లన్న, సుభద్ర, శివయ్య, శశిరేఖ, రూబేను, రూతు, ఇమ్మానుయేలు, జెస్సీ. ఈ పేర్లు వరుసగా చదివితేనే ఒక వాడ చరిత్ర తెలుస్తుంది. పేరు మారడంలో కరువు వుంది, మిషన్ వుంది, ఉద్యమం వుంది. రాజు పేరు చెప్పకుండానే కాలం ఎట్లా గడిచిందో ఈ నవల చూపించింది. ఎల్లన్న యుద్ధవీరుడు కాదు, ఆటగాడు, పాటగాడు. ధాతు కరువులో పని వెతుక్కుంటూ పోయిన శివయ్యకు కాలువ కాడ ఆకలితో పాటు కులం కూడా ఎదురవుతుంది. ఆ కాలువ బకింగ్‌హామ్ కాలువ. ఒంగోలు క్లౌ దొర మూడున్నర మైళ్ళ మేర కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు, మాలలకు పని చూపించిన మాట, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న మాట చరిత్రలో వున్నవి. మిషనరీ పుస్తకం ఆ 2,222ను లెక్కగా రాసుకుంది. కల్యాణరావు ఆ లెక్కలోంచి మనుషులను బయటికి తీశాడు. అద్దంకి శాసనంలోని పన్నెండుకు జరగాల్సింది కూడా ఇదే.

ఈ నవలకు పరిమితి లేదని కాదు. ముందు తరాల కథలో పాట, ఆట, నీళ్ళు, ఆకలి దట్టంగా వున్నాయి. చివరి తరాలకు వచ్చేసరికి నడక వేగం పెరిగి మనుషుల కంటే రాజకీయ సారాంశం ఎక్కువ వినిపిస్తుంది. దగ్గరి కాలం రాసేటప్పుడు రచయిత ఏ పక్షం అన్నది ముందే తేలిపోయి వుంటుంది కాబట్టి ఊహ సన్నగిల్లుతుందేమో ఆలోచించాలి. అయినా పని దగ్గర, పాట దగ్గర మొదలుపెట్టిన నవలకు ఆధారం ఎంత లోతుగా దొరుకుతుందో ఈ పుస్తకం రుజువు చేసింది.

గుర్రం మీద మనిషిని మారిస్తే చాలదు

చివరగా మనలో మనం మాట్లాడుకోవాల్సిన ఒక విషయం. చరిత్రలో మనకూ రాజులున్నారు, మనమూ ఏలినవాళ్ళమే అని చెప్పే రాతలు పెరుగుతున్నాయి. ఆ ఆరాటం నాకు అర్థమవుతుంది. వందల ఏళ్ళు తల దించుకోమన్న సమాజంలో తల ఎత్తడానికి ఒక కిరీటం కావాలనిపిస్తుంది. అయితే గుర్రం మీద వాళ్ళ మనిషిని దించి మన మనిషిని ఎక్కిస్తే నవల మారదు. గడ్డి కోసేవాడు అక్కడే వుంటాడు. లందలో నిలబడ్డామె అక్కడే వుంటుంది. యుద్ధం, స్వయంవరం, కుట్ర, పట్టాభిషేకం అనే చట్రం అట్లాగే వుండి పేర్లు మాత్రమే మారితే బ్రాహ్మణీయ చారిత్రక నవలకు మనం కొత్త సంపుటాలు రాసిపెట్టినట్టే. కన్నమదాసును రాయండి. కానీ కత్తి తిప్పిన కన్నమదాసును మాత్రమే కాదు, చాపకూటికి కూర్చున్న రోజు పక్కవాళ్ళ చూపులు ఎదుర్కొన్న కన్నమదాసును రాయండి. ఆయన తల్లిని, ఆయన వాడను రాయండి.

ఇంకొక మాట. 'దళితులు' అనే ఒక్క మాటతో పాతకాలాన్ని చదును చేయకూడదు. ఆ మాట మన రాజకీయానికి అవసరం. 13వ శతాబ్దపు పాత్ర నోట్లో అది పలకదు. మాలకు, మాదిగకు, చిందుకు, డక్కలికి మధ్య వున్న ఎక్కువ తక్కువలను దాచిన నవల రాజుల నవల చేసిన తప్పునే చేస్తుంది. ఆడవాళ్ళ విషయం మరీ ముఖ్యం. నాటు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు పాడిన పాటల్లో వున్న చరిత్రను మగ గాయకుల కథలతో భర్తీ చేయలేం.

పరిశోధక విద్యార్థులకు, టీచర్లకు ఒక పని చెప్పి ముగిస్తాను. లందలు మూతబడ్డాయి. మోట పోయి మోటారు వచ్చింది. నీరడి పని కాగితాల మీద కూడా లేదు. పని పోయింది అంటే ఆ పని మాటలు కూడా ఆ చేతులతోనే పోతున్నాయి. ఆ పని చేసిన ముసలివాళ్ళు ఇంకా కొంతమంది వున్నారు. క్లాసులో ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క పని అప్పగించండి. పనిముట్టు పేరు, దాని కొలత, చేసే వరుస, కూలి ఎంత, ఎవరు ఎగ్గొట్టారు, పని చేస్తూ ఏం పాడేవాళ్ళు, గొడవైతే ఏమని తిట్టుకునేవాళ్ళు, అన్నీ చెప్పినవాళ్ళ పేరుతో, ఊరితో, తేదీతో రాయించండి. ఆ నోటుబుక్కులు చరిత్రకారుడికి పనికొస్తాయి, నవలాకారుడికీ పనికొస్తాయి. 'ఆధారం ఏది?' అని ఈసారి ఎవరైనా అడిగితే వాళ్ళ ముందు ముందుగా వాటినే పెడదాం.